తెల్లకొంగని ఒడ్డుకు చేర్చిన మాస్టారు

మాస్టారు పోయారు. రెండు వారాల కిందట మంగళవారం పొద్దున్న నేను రేవులో ఒక పాత పడవకి అడుగు పలక మారుస్తుంటే మా కోడలు వచ్చి చెప్పింది. నేను చేతిలో ఉన్న మేకు పూర్తిగా దిగ్గొట్టి అప్పుడు లేచాను. సగం దిగిన మేకు వదిలేసి పోతే పలక చీలుతుంది. అక్కడున్నవాళ్ళు నన్ను రాతిగుండె అనుకుని ఉంటారు. అనుకోనివ్వండి. మాస్టారైతే అనుకోరు.

లైబ్రరీ వాళ్ళు ఆయన పేరు మీద చిన్న పుస్తకం వేస్తున్నారు. చదువుకున్నవాళ్ళందరూ రాస్తున్నారంట. నన్నూ ఒక కాగితం రాసిమ్మన్నారు. నేను రెండో తరగతితో బడి మానేసిన మనిషిని. ఒక్కో అక్షరం పేర్చుకుంటూ రాయాలి. తప్పులు మా కోడలు దిద్దుతానంది. ఆయన పాఠం ఎలా చెప్పేవారో, ఎంతమందిని పైకి తెచ్చారో వాళ్ళు రాస్తారు. నేను ఆయన ఓడ గురించి రాస్తాను. ఆ ఓడ సంగతి నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలీదు. ఇది గొప్ప చెప్పుకోవడం కాదు, ఉన్నమాట.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. మాస్టారు మా నరసాపురం హైస్కూల్లో సైన్సు చెప్పేవారు. బడి అయ్యాక ఇంట్లో కూర్చుని నవలలు రాసేవారు. జేబులో పట్టే చిన్న పుస్తకాలు, బస్టాండు షాపుల్లో క్లిప్పులు పెట్టి వేలాడదీసేవి. అందులో ఒక ఓడ ఉంటుంది. నీళ్ళ మీద కాదు, ఆకాశంలో చుక్కల మధ్య పోయే ఓడ. దాని పేరు తెల్లకొంగ. దాన్ని నడిపేవాణ్ణి మాస్టారు సరంగు అన్నారు, మన లాంచీ నడిపేవాణ్ణి అన్నట్టే. మొదటి పుస్తకంలో ఆ ఓడ భూమి మీద నుంచి బయల్దేరి దారి తప్పింది. అక్కణ్ణుంచి ఒక్కో పుస్తకంలో ఒక్కో చుక్క దగ్గరికి పోతుంది, ఏదో ఒక గండం దాటుతుంది, చివరి పేజీలో సరంగు ఇంటివైపు చూస్తాడు. ఎప్పుడు ఇల్లు చేరతాడా అని చదివేవాళ్ళు కాచుక్కూచునేవాళ్ళు.

ఆయన నాకు పరిచయమైంది ఒక తిట్టుతో. అప్పటికి ఆయన ఒక్క పుస్తకమే రాశారు. ఒకరోజు సాయంత్రం గొడుగు చంకలో పెట్టుకుని, చొక్కా జేబంతా సుద్దపొడితో, రేవులోకొచ్చి నేను కడుతున్న పడవలోకి చెప్పులతో ఎక్కేశారు. పడవ చేసేవాడి ముందు ఎవరన్నా అలా చేస్తారా అండీ. నేను చేతిలో ఉలి కింద పెట్టకుండానే అడిగేశాను, మీ ఇంట్లో దేవుడి గదిలోకి కూడా ఇలాగే పోతారా అని. ఆయన గబుక్కున దిగి, చెప్పులు విప్పి, దూరంగా ఇసకలో పెట్టొచ్చి, "తెలీక చేశానండి మేస్త్రిగారూ, మళ్ళీ ఎక్కొచ్చా?" అన్నారు. నన్ను గారు అన్న మొదటి చదువుకున్న మనిషి ఆయనే. నేను మెత్తబడ్డానని చెప్పను గానీ ఎక్కమన్నాను.

ఆయనకి కావలసిందేంటంటే, పడవకి చిల్లు పడితే ఏం చేస్తాం అని. పలకల సందుల్లో పత్తి తాడు ఎలా కూరతామో, దాని మీద గుగ్గిలం, నూనె కలిపి కాచి ఎలా పూస్తామో చూపించాను. అడిగిందే అడిగేవారు. నేను విసుక్కునేవాణ్ణి. "మీరు విసుక్కోండి, నేను అడుగుతూ ఉంటాను, ఎవరి పని వాళ్ళం చేసుకుందాం" అనేవారు.

తర్వాత వచ్చిన పుస్తకంలో తెల్లకొంగకి ఏదో రాయి తగిలి చీలిక పడుతుంది. సరంగు ఆ చీలికలో పత్తి తాడు కూరి గుగ్గిలం పూస్తాడు. ఇంకోటేంటంటే, ఓడెక్కే ముందు సరంగు చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంటాడు. ఆ పుస్తకం నుంచి ప్రతి పుస్తకంలోనూ అంతే. అది చదివినప్పుడు మాత్రం నేను కొంచెం మెత్తబడ్డాను.

చదివినప్పుడు అన్నాను గానీ చదివింది నేను కాదు. విన్నాను. మా వీధి ఆడవాళ్ళు మధ్యాహ్నం అన్నాలయ్యాక మా అరుగు మీద కూర్చుని లేసు అల్లుతారు. ఏడెనిమిది మంది ఉంటారు, చేతిలో కొక్కెం సూది, ఒళ్ళో దారపు ఉండ. వాళ్ళలో ఒకరు పుస్తకం చదవాలి. చదివే మనిషి చేతిలో పుస్తకం ఉంటుంది కాబట్టి ఆ రోజు ఆమెకి అల్లడం కుదరదు. అందుకని సాయంత్రం లేచేముందు తక్కినవాళ్ళందరూ తలో పువ్వు, అంటే తాము అల్లిన లేసు పువ్వు, ఆమె ఒళ్ళో వేస్తారు. చదివినామె రోజు పని అలా పూర్తవుతుంది. ఇది మా వీధిలో ఎప్పణ్ణుంచో ఉన్న పద్ధతి. మా కోడలు పదో తరగతి పాసైంది కాబట్టి, కాపరానికొచ్చిన నెల నుంచి చదివే పని దానిదే. నేను ఎండ వేళ రేవు నుంచొచ్చి గోడకానుకుని కళ్ళు మూసుకునేవాణ్ణి. పడుకున్నానని అనుకునేవాళ్ళు. ఒక్క ముక్క వదిలితే ఒట్టు.

ఆ గుగ్గిలం పుస్తకం వచ్చాక కాకినాడ నుంచి ఒక ఇంజినీరింగు కుర్రాడు మాస్టారికి ఉత్తరం రాశాడు. గాలి కూడా లేనిచోట, అంత చలిలో, పత్తీ గుగ్గిలం పెడితే ఓడ నిలుస్తుందా, సైన్సు చెప్పే మాస్టారు రాయాల్సిన మాటేనా అని. మాస్టారు ఆ ఉత్తరం రేవుకి తెచ్చి చదివి వినిపించారు. నాకు కాలింది. వాణ్ణి ఇక్కడికి రమ్మనండి, నేను చేసిన పడవ ఒక్కటి మునిగినట్టు చూపిస్తే ఈ పని మానేస్తానన్నాను. మాస్టారు కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వారు.

"ఆ అబ్బాయి చెప్పింది నిజమేనండి. క్లాసులో ఎవరన్నా ఇలా రాస్తే నేనే సున్నా వేస్తాను."

మరి తెలిసి తెలిసి ఎందుకు రాశారన్నాను.

"ఓడకి దెబ్బ తగిలితే సరంగు దానిమీద చెయ్యి వెయ్యాలి కదండీ. మీటలు నొక్కితే అది బాగుపడిపోతే, వాడికి ఓడంటే ఇష్టమని నాకెలా తెలుస్తుంది?"

ఆ కుర్రాడికి కూడా అదే మాట కార్డు మీద రాసి పంపారు. వాడు ఆ తర్వాత ప్రతి పుస్తకానికీ ఉత్తరం రాశాడు, ప్రతి ఉత్తరంలోనూ ఒక తప్పు పట్టాడు, ప్రతి ఉత్తరం చివరా సరంగు క్షేమం అడిగాడు. అలాంటి ఉత్తరాలు సంచుల్లో వచ్చేవి. మాస్టారు ఒక్కదానికీ జవాబు మానలేదు. ఆదివారం పొద్దున్న స్నానం చేసి, కార్డుల కట్ట ముందు పెట్టుకుని, పరీక్ష పేపర్లు దిద్దినట్టు కూర్చునేవారు. జవాబులో సరంగు గురించి ఏం రాసినా, ఇల్లు చేరుస్తానని మాత్రం తప్పకుండా రాసేవారు. మా ఆవిడకైతే నోటితోనే చెప్పారు. మా ఆవిడ ఒకరోజు మంచినీళ్ళిస్తూ అడిగేసింది, ఏమండీ మాస్టారూ, ఆ అబ్బాయిని ఇంకెన్నాళ్ళు తిప్పుతారు, వాళ్ళమ్మ ఎదురు చూడదా అని. పుస్తకంలో సరంగుకి తల్లి ఉన్నట్టే లేదు. మాస్టారు గ్లాసు కింద పెట్టి, "తీసుకొస్తానమ్మా, నా చేత్తోనే తీసుకొస్తాను" అన్నారు.

పదిహేడు పుస్తకాలు అలా వచ్చాయి. అప్పటికి ఇంటింటికీ కేబుల్ వైర్లు లాగేశారు. బస్టాండు షాపుల్లో క్లిప్పులకి పుస్తకాలు తగ్గి షాంపూ ప్యాకెట్లు వచ్చాయి. పద్దెనిమిదో పుస్తకంలో తెల్లకొంగని దింపేస్తానని మాస్టారు అచ్చువేసేవారికి ఉత్తరం రాశారు. ఒకసారి రాజమండ్రి వచ్చి మాట్లాడమని జవాబొచ్చింది. ఆయనకి మోకాళ్ళ నొప్పులు, బస్సెక్కడం కష్టం. నేను తోడెళ్ళాను.

అచ్చువేసేవారు మర్యాదస్తులే. కాదనను. కాఫీ తెప్పించారు, ఫ్యాను మా వైపు తిప్పారు. ఆ గదిలో ఒక మూల తాళ్ళతో కట్టిన ఉత్తరాల మూటలు నడుం ఎత్తున ఉన్నాయి. ఆయన వాటిని చూపించే మాట్లాడారు. వీళ్ళలో సగంమంది సరంగు ఇల్లు చేరాలంటున్నారు, సగంమంది ఇంకా యుద్ధాలు కావాలంటున్నారు, కొంతమంది సరంగు ముసలాడైపోయాడు, కుర్రాణ్ణి పెట్టమంటున్నారు అన్నారు. హైదరాబాదులో టీవీ వాళ్ళు కూడా అడిగారంట, సీరియలు తీస్తామని. వాళ్ళకి కుర్ర హీరో కావాలి, కథ ఆగకూడదు. కాబట్టి పద్దెనిమిదో పుస్తకంలో సరంగు చచ్చిపోవాలి, ఓడ ఒక పాతికేళ్ళ కుర్రాడి చేతికి రావాలి.

మాస్టారు చాలాసేపు విని, ఇల్లు చేరుస్తానని ఇంతమందికి రాసి ఇచ్చానండి అన్నారు.

"ఉత్తరాలు రాసేవాళ్ళు వేరు మాస్టారూ, పుస్తకాలు కొనేవాళ్ళు వేరు. ఓడ ఇంటికొచ్చేస్తే కథ అయిపోతుంది. అయిపోయిన కథ తర్వాతి నెల ఎవరు కొంటారు చెప్పండి?"

నాకు మాట్లాడే హక్కు లేదు. అయినా ఊరుకోలేకపోయాను. ఒడ్డుకి రాని ఓడ ఎవడిక్కావాలండీ, ఒడ్డుకి రావడానికే కదా కడతాం అన్నాను. అచ్చువేసేవారు నన్ను ఎగాదిగా చూసి, వీరెవరు అని మాస్టార్ని అడిగారు. తోడొచ్చాడనో, మా ఊరివాడనో చెబుతారనుకున్నాను.

"మా ఓడ మేస్త్రి అండి" అన్నారు మాస్టారు.

చుక్కల్లో పోయే ఓడకి నేను మేస్త్రిని. ఆ మాట ఆయన నవ్వుతూ అనలేదు. అచ్చువేసేవారు నవ్వబోయి మానేశారు.

అప్పుడాయన సొరుగులోంచి ఒక కాగితం తీశారు. మొదటి పుస్తకం నాడు మాస్టారు సంతకం పెట్టిన కాగితం. ఓడ పేరు, సరంగు, ఆ కథలో ఉన్న మనుషులు అందరూ అచ్చువేసేవారి సొంతం అని అందులో ఉంది. మీరు రాయకపోతే వేరేవాళ్ళు రాస్తారు మాస్టారూ, నన్ను అపార్థం చేసుకోకండి అన్నారు. పిల్లలు ఒక్క సున్నా వదిలేస్తే పట్టుకునే మనిషి, ఆ కాగితం చదవకుండా సంతకం పెట్టారు. మొదటి పుస్తకం అచ్చవుతుందన్న సంతోషంలో కళ్ళు కనిపించలేదని బస్సులో నాతో అన్నారు. నేను అచ్చువేసేవార్ని తిట్టడం మొదలుపెడితే ఆపేశారు. "సంతకం నాదే కదండీ" అన్నారు. సిద్ధాంతం ఊరి దగ్గర గోదారి వంతెన దాటేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. ఆ తర్వాత, "సరంగుని నేను చంపలేనండి మేస్త్రిగారూ, నాకు చేతకాదు" అన్నారు. అంతే.

పద్దెనిమిదో పుస్తకం ఇంకెవరో రాశారు. అట్ట మీద తెల్లకొంగ ఉంది, లోపల మాస్టారి పేరు లేదు. మా అరుగు మీదకి అది రాగానే ఆడవాళ్ళందరూ పెందలాడే వచ్చి కూర్చున్నారు. మా కోడలు మొదలుపెట్టింది. రెండో పేజీలో సరంగు బూట్లు టకటకలాడిస్తూ ఓడెక్కాడు.

మా కోడలు ఆగింది. సూదులన్నీ ఆగాయి.

"మళ్ళీ చదువు" అంది మా ఆవిడ. మళ్ళీ చదివింది. బూట్లే.

"ఈయనెవరో వేరే ఆయన" అంది మా ఆవిడ. "మన అబ్బాయి కాదు."

అయినా పుస్తకం కొన్నాం కదా అని చదివించారు. నలభయ్యో పేజీలో సరంగు మంటల్లో పడి పోయాడు. ఎవరూ ఏడవలేదు. పక్కింటి పెద్దావిడ, పోయింది బూట్లాయనేలే అమ్మా, పాపం ఆయనకీ ఎవరో ఒకరు ఉండే ఉంటారు అంది. అందరూ నవ్వారు. మళ్ళీ అల్లుకోవడం మొదలుపెట్టారు. కాకినాడ కుర్రాడు మాత్రం నవ్వలేదు. అప్పటికి ఉద్యోగస్తుడు కూడాను. అంత దూరం నుంచి వచ్చి మాస్టారి గుమ్మం ముందు నిలబడి, ఇదేంటండీ మాస్టారూ అన్నాడంట. మాస్టారు ఆ అబ్బాయిని కూర్చోబెట్టి భోజనం పెట్టి పంపారు. ఆ సీరియలు సంగతంటారా, తీశారో లేదో గానీ మా ఇంటి టీవీలో మాత్రం రాలేదు.

ఆ పుస్తకం వచ్చిన వారానికి మా ఆవిడ, ఇంకో నలుగురు కలిసి మాస్టారింటికి వెళ్ళారు. మన అబ్బాయి ఎక్కడున్నాడో చెప్పమని అడిగారు. మాస్టారు కాగితం సంగతి చెప్పి, ఇక నేను అచ్చు వేయించకూడదమ్మా అన్నారు. మా ఆవిడకి అచ్చుతో పనేంటి. దానికి చదవడమే రాదు. మీరు మా అరుగు మీద కూర్చుని చెప్పండి, మేం అల్లుకుంటూ వింటాం అంది.

అప్పటికి ఆయన రిటైరయ్యారు. ఆ ఆదివారం మూడింటికి గొడుగు వేసుకుని వచ్చారు. అక్కణ్ణుంచి దాదాపు రెండేళ్ళు, వాన కురిసినా, పెళ్ళిళ్ళున్నా, ఆదివారం మూడింటికి ఆయన మా అరుగు మీద ఉండేవారు. ఒక్క ముక్క కూడా కాగితం మీద పెట్టలేదు. పెడితే అచ్చు మీదకి మనసు పోతుందని ఆయన భయం. కళ్ళు మూసుకుని, మోకాలు నిమురుకుంటూ చెప్పేవారు. సాయంత్రం లేవబోతుంటే ఆడవాళ్ళు పద్ధతి ప్రకారం తలో పువ్వూ ఇచ్చేవారు. ఆయన మొదటిరోజు వద్దన్నారు. చదివినవాళ్ళకి ఇవ్వాల్సిందేనండి, అది మీ కూలి అని మా కోడలు గదమాయించింది. ఆ పువ్వులు చొక్కా జేబులో, సుద్దపొడి ఉండేచోట, పెట్టుకుని పోయేవారు.

ఆయనకి అచ్చువేసేవారే నయమనిపించి ఉంటుంది. వీళ్ళు అంతకంటే గట్టివాళ్ళు. ఒకామె సరంగుకి పెళ్ళి చెయ్యమనేది. ఇంకొకామె ఓడలో వంట చేసే యంత్రాన్ని కూడా కిందికి తేవాలి, దాన్ని పైన వదిలేస్తే ఊరుకోననేది. పక్కింటి పెద్దావిడ దారి సాగదీస్తున్నారని ఎత్తిపొడిచేది, మాస్టారూ, భీమవరం వెళ్ళొచ్చినా ఇంత సేపు పట్టదండీ అని. ఆయన అందరి మాటా వినేవారు. వంట యంత్రాన్ని తెస్తానన్నారు. పెళ్ళి మాత్రం సరంగుని అడిగి చెబుతానన్నారు. నేను ఒకసారి పక్కకి పిలిచి, తొందరగా దింపెయ్యొచ్చు కదండీ, ఎవరాపుతారు ఇప్పుడు అని అడిగాను. "దారి తప్పి పదిహేడు పుస్తకాలు పోయాడండి. అదే దారిన వెనక్కి రావాలి కదా. ఒక్క మలుపు దాటేసినా నేను మళ్ళీ చదవకుండా సంతకం పెట్టినట్టే" అన్నారు.

చంద్రుడు దాటేదాకా తీసుకొచ్చారు. భూమి కనిపిస్తోంది. సముద్రం కనిపిస్తోంది. వచ్చే ఆదివారం మన ఒడ్డు కనిపిస్తుందమ్మా అని చెప్పి వెళ్ళారు. ఆ గురువారం ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది, మాట పోయింది.

భీమవరం ఆసుపత్రిలో మూడు వారాలుంచి ఇంటికి తెచ్చారు. ఆడవాళ్ళు వెళ్ళి చూసి వచ్చారు గానీ ఓడ మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే బాధపడతారని. నేనూ ఎత్తలేదు. కానీ నా మనసులో అదే ఉంది. మనిషి మంచాన పడితే నాకు ఓడ గుర్తొస్తోందేంటని నన్ను నేనే తిట్టుకున్నాను. అది దాచను.

నేను రెండోసారి వెళ్ళినప్పుడు ఆయన ఎడం చెయ్యి మంచం మీంచి లేపి గాల్లో మెల్లగా తిప్పుతున్నారు. అమ్మగారు, అంటే మాస్టారి భార్య, ఎంత ప్రయత్నించినా అది ఏంటో అర్థం కావట్లేదంటూ కళ్ళు తుడుచుకున్నారు. మంచినీళ్ళిచ్చారంట, కళ్ళజోడిచ్చారంట, ఫ్యాను వేశారంట, తీశారంట. ఆయన తల అడ్డంగా ఊపి మళ్ళీ చెయ్యి లేపుతున్నారంట.

నేను ఆ చెయ్యి చూశాను. అరచెయ్యి కిందికి, వేళ్ళు కొంచెం పైకి. తిన్నగా పోతోంది, ఒక పక్కకి ఒరుగుతోంది, మళ్ళీ సర్దుకుంటోంది.

"ఓడండీ అది" అన్నాను.

ఆయన కళ్ళు నా మీద నిలబడ్డాయి. అమ్మగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

నాకు కథలు చెప్పడం రాదు. పడవ సంగతులైతే అడగడం వచ్చు. ఆయన అవునంటే కళ్ళు ఒకసారి మూసి తెరవాలి, కాదంటే తల ఊపాలి అనుకున్నాం. సముద్రంలోంచి వస్తోందా అని అడిగాను. అవును. అంతర్వేది మీదుగా ఏట్లోకి తిప్పారా. అవును. మన రేవుకేనా. దానికి కళ్ళు మూసి వెంటనే తెరవలేదు, కొంచెంసేపు అలాగే ఉంచారు. ఏటి వంపు దగ్గర నీళ్ళు సముద్రంలోకి తీసేస్తున్నాయా, ఆటు వేళా. అవును. అయితే ఆగాలి కదండీ అన్నాను. అవును. ఆ రోజుకి అలసిపోయారు. ఓడ ఏటి వంపులో ఆగింది.

అలా నాలుగు ఆదివారాలు వెళ్ళాను, మూడింటికే. ఒకప్పుడు ఆయన అడిగి నన్ను విసిగించారు, ఇప్పుడు నేను అడిగి ఆయన్ని విసిగించాను. పోటు వచ్చిందా అని. గాలి ఎటుంది, తూర్పు గాలా అని. లంగరు వేశాడా అని. వంట యంత్రం క్షేమమేనా అని. దానికి ఎడం వైపు మూతి నవ్వింది. సరంగు పెళ్ళికి ఒప్పుకున్నాడా అన్నాను. తల ఊపారు. నేను అడగడం తప్పయితే తల ఊపేవారు, మళ్ళీ వేరేగా అడిగేవాణ్ణి. ఒకరోజు అరగంటసేపు ఒక్క సంగతీ దొరకలేదు, ఆయన కంటి కొసల్లో నీళ్ళు తిరిగాయి. నేను బయటికొచ్చి గోడకి తల కొట్టుకున్నంత పని చేశాను. మర్నాడు రేవులో పని చేస్తుంటే తట్టింది. దీపం. రేవులో దీపం సంగతి ఆయన చెప్పాలనుకున్నారు. తర్వాతి ఆదివారం ఉందా అని అడిగాను. ఉంది.

నాలుగో ఆదివారం ఆయన బాగా నీరసంగా ఉన్నారు. అమ్మగారు వద్దు అనలేదు గానీ, కొంచెం చూసి అడగండి మేస్త్రిగారూ అన్నారు. నేను ఒక్కటే అడిగాను.

"దింపేద్దామాండీ మాస్టారూ?"

ఎడం చెయ్యి లేపారు. గాల్లో ఆపారు. మెల్లగా మంచం మీదకి దించారు. ముందు మునివేళ్ళు తగిలాయి. ఆగారు. తర్వాత మణికట్టు దించారు. ఆఖర్న అరచెయ్యంతా దుప్పటి మీద సర్దుకుని కదలకుండా ఉండిపోయింది. యాభై ఏళ్ళుగా పడవలు నేల తాకడం చూస్తున్నాను నేను. ముందు కొమ్ము తగులుతుంది, వెనక భాగం ఒక క్షణం ఊగుతుంది, తర్వాత అడుగంతా కూర్చుంటుంది. సరిగ్గా అలాగే చేశారు. ఎవరూ నేర్పకుండా రేవులో నిలబడి చూసి నేర్చుకున్న మనిషి. ఎడం చెయ్యయినా ఆయన చెయ్యే. నా చేత్తోనే తీసుకొస్తానన్న మాట నిలబెట్టుకున్నారు.

ఆ ఆదివారం తర్వాత మంగళవారమే ఆయన పోవడం.

కార్యక్రమాలన్నీ అయ్యాక నిన్న మధ్యాహ్నం ఆడవాళ్ళు మా అరుగు మీద చేరారు. ఎవరూ పుస్తకం తేలేదు. నేను గోడకానుకుని కూర్చున్నాను. మా కోడలే అడిగింది, మావయ్యా, నువ్వు వెళ్ళేవాడివి కదా, ఎందాకా వచ్చిందని.

నాకు తెలిసిందంతా చెప్పాను. సముద్రం, అంతర్వేది, ఏటి వంపు, నీళ్ళు తీయడం, పోటు కోసం ఆగడం, దీపం. పెళ్ళి లేదని చెబితే ఆ అడిగినామె ఊరుకుంది. దింపడం మాటల్లో చెప్పడం నాకు రాలేదు. నా చెయ్యి లేపి అరుగు మీద ఆయన పెట్టినట్టే పెట్టాను. మునివేళ్ళు, మణికట్టు, అరచెయ్యి.

"రేవులో ఎవరన్నా ఉన్నారా?" అంది మా ఆవిడ. "వచ్చేసరికి, ఎదురు రావడానికి?"

అది నేను అడగలేదు. నాలుగు ఆదివారాలు గాలి గురించీ పోటు గురించీ అడిగానే గానీ ఆ ఒక్క మాట నాకు తట్టలేదు. ఉన్నారని చెప్పెయ్యొచ్చు. కానీ ఆయన చెప్పనిది ఆయన కథలో నేను పెట్టను. అడగలేదే అన్నాను.

మా ఆవిడ ఒళ్ళోని దారపు ఉండ తీసి పక్కన పెట్టింది. మోకాలు మీద చెయ్యి ఊని లేచింది. పక్కింటి పెద్దావిడ లేచింది. మా కోడలు లేచింది. ఒకరి తర్వాత ఒకరు అందరూ లేచి, ఒళ్ళో నూలు దులుపుకుని, ఏటి వైపు తిరిగి అరుగు అంచున నిలబడ్డారు, వేటకెళ్ళిన పడవలొచ్చే వేళకి మా ఒడ్డున ఆడవాళ్ళు నిలబడినట్టు. నా చెయ్యి ఇంకా అరుగు మీదే ఉంది. తీయాలనిపించలేదు.